కడబంతి పిల్ల

2014వ సంవత్సరంలో నేను పాలమూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులుగా ఉండేవాడిని. ఆ యేడు దసరా సెలవుల తరువాత మా ఎనిమిదవ తరగతి గదిలో చాక్‌పీసులు లెక్కకు నిలిచేవి కావు. పెట్టె విప్పిన మూడవనాటికే అడుగు కనిపించేది. మగపిల్లలు గోడలమీద గీతలు గీసి వృథా చేస్తున్నారని తలచి ఇద్దరు ముగ్గురిని మందలించాను కూడా. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, ఖాళీ గదిలో వెనుక బల్ల దగ్గర ఒక బాలిక చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకొని ఏదో కొరుకుతూ ఉండగా చూశాను. అది చాక్‌పీసు. దొంగతనం బయటపడినందుకు ఆ పిల్ల ఏడవలేదు. నోటిలోనిది మింగి, మిగిలిన ముక్కను నా చేతిలో పెట్టి, తల వంచుకొని నిలబడినది. ఎందుకమ్మా అని అడిగితే "మంచిగుంటది సారూ" అన్నది. పొద్దున ఇంట్లో ఏమి తిన్నావంటే మాత్రం జవాబు లేదు.

అప్పటికి నాకు తెలిసినది స్వల్పం. పిల్ల సుద్ద తింటున్నదని, పూనాలో భవనాల పనికి పోయి ఉన్న తండ్రికి ఫోను చేసి చెప్పాను. బాధ్యత తీరినదనుకున్నాను. తీరినది బాధ్యత కాదనీ, నేను తెచ్చిపెట్టినది కష్టమనీ పది రోజులకు గాని తెలియలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

పల్లెటూరి బడులలో పనిచేసిన ఏ ఉపాధ్యాయునికీ, మరి ముఖ్యంగా ఏ ఉపాధ్యాయినికీ, ఈ దృశ్యం కొత్తది కాదు. బలపం, చాక్‌పీసు, పొయ్యి మట్టి, కొత్త కుండ పెంకు, గోడ సున్నం, పుట్టమన్ను, బూడిద, పచ్చి బియ్యం, వీటిలో ఏదో ఒకదాని మీద మనసు పోయే బాలిక ప్రతి తరగతిలోనూ ఒకతె అయినా ఉంటుంది. తొలకరి వాన పడి నేల వాసన లేచినప్పుడు నోరూరుతుందని చెప్పే పిల్లలను నేనెరుగుదును. మనం దానిని చెడ్డ అలవాటు అంటాం. వైద్యులు పైకా అంటారు. కనిపించినదల్లా ముక్కున కరచుకొని పోయే ఒక పక్షికి లాటిన్ భాషలో ఉన్న పేరు అది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రకటించిన వ్యాధుల పట్టికలో, చిక్కిపోయేదాకా అన్నం మానివేసే జబ్బునూ, తిన్నది కక్కివేసే జబ్బునూ ఏ అధ్యాయంలో చేర్చారో, పైకాను కూడా అదే అధ్యాయంలో చేర్చారు.

భోజన వికారం అనగానే మనకు తోచే బొమ్మ వేరు. ఎక్కడో శీతల దేశంలో, సన్నబడాలనే పిచ్చితో, అద్దం ముందు నిలబడి తన ఎముకలు లెక్కపెట్టుకొనే సంపన్నుల పిల్ల ఆ బొమ్మలో ఉంటుంది. నల్లగొండ, పాలమూరు మెట్ట నేలలలో దానికి పని ఏమున్నది, ఇక్కడ తిండి దొరకటమే భాగ్యం కదా అనుకుంటాం. ఆ జబ్బు ఇక్కడ వేరొక వేషంలో తిరుగుతున్నందువల్ల మనం దానిని పోల్చుకోలేకపోతున్నాం.

మన పూర్వులు పోల్చుకున్నారు. చరక సంహిత పాండురోగాన్ని ఐదు విధాలుగా విభజించి, ఐదవది మన్ను తినటంవల్ల కలిగేదని చెప్పినది. అన్నం సహించకపోవటాన్ని అరోచకమని పేర్కొని, దానికి వాత పిత్త కఫ దోషాలతో పాటు శోకం, భయం, అతిలోభం, క్రోధం, మనసుకు గిట్టని ఆహారం కూడా కారణాలని లెక్కించినది. కడుపు సంగతి చెప్పేటప్పుడు మనసు సంగతి విడిచిపెట్టని ఆ చూపు చిన్నది కాదు. పోతన భాగవతంలో బాలకృష్ణుడు మన్ను తిన్నాడని తోటి పిల్లలు వచ్చి చెప్పిన ఘట్టం మనమందరం పాఠంగా చెప్పినదే. యశోద కోపగించుకున్న మాట నిజమే. కాని ఆమె చేసిన పని ఒకటి ఉన్నది. పిల్లవాని నోరు తెరిపించి చూచినది. ఆ ఘట్టాన్ని పాతికేళ్లు బోధించిన నాకు, మా తరగతి పిల్ల కింది కనురెప్పను కొంచెం లాగి చూడాలని తోచలేదు. చూచి ఉంటే, ఎర్రగా ఉండవలసిన లోపలి పొర తెల్లగా పాలిపోయి కనిపించేది.

మన్ను తినటానికీ రక్తహీనతకూ గల సంబంధం చరకుని నాటినుండి తెలిసినదే అయినా, నేటి వైద్యశాస్త్రం దానిని రెండు వైపులనుండీ చూస్తున్నది. శరీరంలో ఇనుము తరిగినప్పుడు తినరానివాటిమీద మోజు పుడుతుంది. తిన్న మన్ను ప్రేగులలో ఇనుమును పట్టి ఉంచి, ఒంటికి అందకుండా చేస్తుంది. మట్టితోపాటు నులిపురుగుల గుడ్లు లోపలికి పోతాయి. ఆ పురుగులు ఉన్న కొద్ది రక్తాన్నీ హరిస్తాయి. ఈ చక్రంలో పడిన పిల్లకు "మన్ను తినకు" అని నూరుసార్లు చెప్పినా ఫలితం తక్కువ. ఇనుము అందితే చాలామందిలో ఆ మోజు కొద్ది వారాలలో దానంతట అదే పోతుంది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 19 యేండ్ల బాలికలలో నూటికి 60 మందికి పైగా రక్తహీనులు. అంటే మన తరగతిలో ఆడపిల్లల వరుసను చూచినప్పుడు, రక్తహీనత లేని పిల్లలే అల్పసంఖ్యాకులన్నమాట.

ఇనుము ఎందుకు అందటం లేదు? కొంత నేల కథ, కొంత గింజ కథ. ఈ మెట్ట ప్రాంతం తరతరాలుగా జొన్న, సజ్జ తిని బ్రతికినది. జొన్నరొట్టె, గట్క, అంబలి, పుంటికూర, చింతచిగురు ఇక్కడి వంట. ఆ తిండిలోనూ లోపాలు లేకపోలేదు. కేవలం జొన్నమీదనే ఆధారపడిన పేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. అది చర్మంతో ఆగక, నిద్ర పట్టకపోవటం, దిగులు, మతి తప్పటం దాకా పోయేది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దానిని గూర్చి ప్రపంచమంతా గమనించిన పరిశోధన చేసినది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో నడుస్తున్న ఆ సంస్థ శాస్త్రజ్ఞులే, 1970 దశకంలో నల్లగొండ పల్లెలలో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకొనేటట్లు కాళ్లు వంకరపోయిన పిల్లలను పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడుకు తోడు కాల్షియం చాలని ఆహారం కూడా అందుకు కారణమని చూపించారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన తరువాత కంచంలోని జొన్న క్రమంగా వెనుకబడినది. ఆకలి తగ్గినది, పెల్లాగ్రా కనుమరుగైనది, మంచిదే. కాని సజ్జలో, జొన్నలో ఉన్నంత ఇనుము పాలిష్ పట్టిన బియ్యంలో లేదు. తెల్లని అన్నంమీద పచ్చిపులుసు పోసుకొని, పైన ఒక గ్లాసు చాయ తాగితే కడుపు నిండుతుంది. ఆ కొద్ది ఇనుమును కూడా చాయ అడ్డగిస్తుంది.

అయితే ఇది ఇంటిల్లిపాదికీ ఒకటే కంచం కదా. ఒకే కుండలోని కూడు తిన్న అన్నకు లేని పాలిపోవటం చెల్లెలికి ఎందుకు వచ్చినది? నెలనెలా పోయే రక్తం ఒక కారణం. రెండవ కారణం వైద్య గ్రంథాలలో వెదికితే దొరకదు, వంటింటి గడప దగ్గర కూర్చుంటే దొరుకుతుంది.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో, మనవారు ఏయే కాలాలలో ఏమేమి తిన్నారో కావ్యాలన్నీ గాలించి చెప్పారు. ఏమి తిన్నారనేది ఒక చరిత్ర. ఏ వరుసలో తిన్నారనేది మరొకటి. మన ఇండ్లలో మొదటి బంతి మగవారిది, చుట్టాలది. రెండవది పిల్లలది, అందులోనూ మగపిల్లలది. కడబంతి వండినవారిది. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిన కూర్చున్నా నష్టం లేదని సామెత. వడ్డించేది తానే అయినప్పుడు ఆడదానికి ఈ సామెత పనిచేయదు. గుడ్డు ఒకటే ఉంటే అది ఎవరి కంచంలో పడాలో ఆమె చేతికి ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుసు. ఆ చేయి తల్లిది. పదమూడవ యేట అదే చేయి కూతురిదవుతుంది.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఇంటివారు పీట వేసి కూర్చోబెట్టి నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి తినిపిస్తారు. ఆ నాలుగు రోజులూ ఆమెదే మొదటి బంతి. నువ్వులలో ఇనుమున్నదని తెలిసి చేశారో, తెలియక చేశారో గాని, చాలా తెలివైన ఆచారం. పీట ఎత్తివేసిన మరునాటినుండి ఆమె స్థానం శాశ్వతంగా పొయ్యి దగ్గరికి మారుతుంది. పెరుగు వద్దు, గుడ్డు వేడి, బొప్పాయి తగదు అనే నిషేధాలు మొదలవుతాయి. శరీరానికి అన్నిటికంటె ఎక్కువ ఆహారం కావలసిన కాలం అదే.

పాలమూరులో దీనికి వలస తోడవుతుంది. వానకాలం పంటలు తీరగానే తల్లిదండ్రులు పనులకోసం బొంబాయి, పూనా, బెంగుళూరు దారి పడతారు. దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టి ఈ జిల్లావారి తలలమీదుగా కదిలినదే. 'పాలమూరు లేబరు' అనే మాట దూరదేశాలలో కూడా వినిపించేది. నల్లగొండలో దేవరకొండ వైపు తండాలలోనూ ఈ కథ ఇంతే. ఇంటి దగ్గర అవ్వ ఉంటుంది, చిన్నపిల్లలు ఉంటారు, ఎనిమిదవ తరగతి చదివే పెద్దపిల్ల ఉంటుంది. ఆ పిల్ల అప్పటినుండి అక్క కాదు, అమ్మ.

మా చాక్‌పీసు పిల్ల అటువంటి అక్క. నేను ఫోను చేసిన తరువాత ఆమె బడికి రావటం మానినది. పదవ రోజున వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి ఫోనులో అవ్వను కేకలు వేశాడట. "మన్ను తినే దానికి సదువెందుకు, బడి మాన్పియ్యి, పండుగకొచ్చి తోలుకపోత" అన్నాడట. ఆనాటినుండి పిల్ల అన్నం మానినది. మొదటి రెండు రోజులు అవ్వ బుజ్జగించినది, మూడవనాడు తిట్టినది, నాలుగవనాడు చేయి చేసుకొన్నది, మళ్లీ ఏడుస్తూ బుజ్జగించినది. నేను వెళ్లేసరికి పిల్ల రోజుకు ఒక్కపూట, అవ్వ నిద్రపోయిన తరువాత, ఇంత సద్ది తింటున్నది. ఆమె చేత వంట మాత్రం ఎవరూ మాన్పించలేదు. దీపాలవేళ కళ్లారా చూశాను: తమ్ముని కంచం, చెల్లెలి కంచం, అవ్వ గిన్నె వరుసగా నిండినవి. తన కంచం బోర్లించే ఉన్నది. బడిలో పెట్టే గుడ్డును ఆమె ఎప్పుడూ డబ్బాలో వేసి ఇంటికి తెచ్చేదని, అది తమ్ముడు తింటాడని అప్పుడు తెలిసినది. మన్ను సంగతి ఎత్తితే అవ్వ నవ్వినది. "నా కడుపుల బిడ్డలు వడ్డప్పుడు నేను తినలేదా సారూ, పుట్టమన్ను? మా అమ్మ గూడ తిన్నది" అన్నది.

అలక అనే మాటకు మన భాషలో ఎంత మధురమైన చరిత్ర ఉన్నా, అన్నం మీద అలగటం మాత్రం మధురం కాదు. ఇంట్లో ఎదురు మాట్లాడే హక్కు లేనివారికి మిగిలిన భాష అది. చదువు మాన్పిస్తామన్నప్పుడు, ఇష్టం లేని సంబంధం ఖాయం చేసినప్పుడు, తమ్మునితో పోల్చి తక్కువ చేసినప్పుడు పిల్ల కంచం పక్కకు నెట్టుతుంది. ఒక పూట అలిగి మరుపూట తినే పిల్లను రోగి అనటం అన్యాయం. కాని వారాలు గడచినా తిండి తగ్గుతూనే ఉండి, బట్టలు వదులై, నెలసరి ఆగి, వేసవిలో కూడా చలి అనిపించి, లేచినప్పుడల్లా కళ్లు తిరిగితే, అది అలక హద్దు దాటినదని గ్రహించాలి. 1995లో ఢిల్లీలోని వైద్యులు అన్నం మానివేసి చిక్కిపోయిన ఐదుగురు యువతులను గూర్చి వ్రాశారు. వారిలో సన్నబడాలనే కోరికగాని, లావయ్యాననే భ్రమగాని కనిపించలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు కూడా ఆ దశకంలోనే ఇటువంటి రోగులను వర్ణించాడు. ఆకలి లేదనీ, కడుపు ఉబ్బరమనీ చెప్పేవారే గాని లావును గూర్చి మాట్లాడనివారు. మన డాక్టర్లు పాశ్చాత్యుల పట్టికతో పోల్చి చూచి, "ఇది అది కాదు" అని పంపివేస్తే ఇటువంటి పిల్లలు ఎవరికీ చెందకుండా పోతారు.

ఈ జబ్బుకు తొలిసారిగా స్పష్టమైన రూపం ఇచ్చినవారు 1873లో ఇద్దరు. లండనులో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసేగ్. వీరిలో లాసేగ్ చెప్పిన మాట ఒకటి మన పల్లె అవ్వను చూచి చెప్పినట్లే ఉంటుంది. అన్నం మానిన పిల్ల విషయంలో కుటుంబం దగ్గర ఉన్న ఉపాయాలు రెండే, బ్రతిమాలటం, బెదిరించటం. రెండూ కలసి జబ్బునే పెంచుతాయి అని ఆయన అభిప్రాయం. ఇంటిల్లిపాదీ పిల్ల కంచం చుట్టూ చేరిన కొద్దీ ఆ కంచానికి లేని బలం వస్తుంది. గల్ మరికొంత దూరం పోయి, రోగి దగ్గర ఉండి చూచుకొనటానికి బంధువులే అందరికంటె తగనివారన్నాడు. నూరేండ్ల తరువాత, 1978లో, అమెరికాలో సాల్వడార్ మినూచిన్ బృందం ఇటువంటి కుటుంబాలను గూర్చి ఒక గ్రంథమే వ్రాసి, ఇంటి సంబంధాల అల్లికలోనే జబ్బు మూలం ఉన్నదని వాదించినది. దానితో చాలా దేశాలలో తల్లులు దోషుల బోనులో నిలబడవలసి వచ్చినది.

ఈ తీర్పు నిలవలేదు. కవలలపై జరిగిన పరిశోధనలు ఈ జబ్బులలో పుట్టుకతో వచ్చే భాగం గణనీయమని తేల్చినవి. 1987లో లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు, జబ్బు మొదలై ఎక్కువ కాలం కాని చిన్న వయస్కుల విషయంలో తల్లిదండ్రులను దూరంగా నెట్టటంకంటె వారినే చికిత్సలో భాగస్వాములను చేయటంవల్ల ఎక్కువ మేలు కలుగుతున్నదని చూపించారు. 2010లో భోజన వికారాల వైద్యుల అంతర్జాతీయ సంస్థ, కుటుంబమే ఈ జబ్బులకు ప్రధాన కారణమనే వాదాన్ని ఖండిస్తూ ప్రకటన చేసినది. ఇల్లు జబ్బును పుట్టించకపోవచ్చును. కాని దానికి నీరు పోయగలదు, నీరు ఆపగలదు. నేను తండ్రికి ఫోను చేసిననాడు పోసినది నీరే.

పిల్ల మొండితనాన్ని గూర్చి కూడా ఒక మాట. 1944, 45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి సమ్మతితోనే, ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరిశీలించాడు. సౌమ్యులైన ఆ మనుషులు చిరచిరలాడారు, ఒంటరిగా ఉండసాగారు, గంటల తరబడి కంచం ముందు కూర్చొని మెతుకులతో ఆడుకున్నారు, వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. వారికి అత్తలు లేరు, చదువు మాన్పించే తండ్రులు లేరు. ఆకలి ఒక్కటే ఉన్నది. తినని పిల్లలో మనం చూచే మొండితనంలో ఎంత భాగం ఆమె స్వభావమో, ఎంత భాగం ఆకలి చేసిన పనో విడదీయటం కష్టం. ముందు కడుపులోకి ఇంత కూడు పోనిచ్చి తరువాత మాట్లాడటం మంచిది.

ఇక పట్నవాసపు జబ్బు కూడా మన గడప తొక్కుతున్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలలో కాలేజీ హాస్టళ్లలో ఉండే పిల్లలు పొద్దుటి తిండి మాని, చేతిలోని ఫోనులో కనిపించే నడుములతో తమ నడుములను కొలుచుకుంటున్నారు. మన తెలుగువారు కూడా ఒకప్పుడు కూలీలుగా వెళ్లి స్థిరపడిన ఫిజీ దీవులలో, 1995లో టెలివిజను కొత్తగా వచ్చిన ఒక ప్రాంతంలో, ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి మూలవాసుల బాలికలను పరీక్షించినది. సన్నబడటానికి వాంతి చేసుకొనే పిల్ల ఆ యేడు ఒకతె కూడా కనిపించలేదు. 1998లో నూటికి 11 మందికి పైగా కనిపించారు. బొద్దుగా ఉండటమే అందమని తరతరాలుగా భావించిన జాతి అది.

కాని తెరను మాత్రమే తిట్టి ఊరుకుంటే మన వంతు దాటవేసినట్లవుతుంది. బండది, నల్లది, ఎండుపుల్ల అనే బిరుదులు తెరమీదనుండి రాలేదు. మేనత్తలు, బాబాయిలు ప్రేమతోనే ఇచ్చినవి. పెండ్లిచూపులనాడు వినబడే మాటలకు ఈ ముద్దుపేర్లే తొలిపాఠాలు. మిన్నెసోటాలోనే తరువాతి తరం పరిశోధకులు తేల్చిన సంగతులు రెండు మనకు పనికివస్తాయి. 2013లో ప్రకటించినదాని ప్రకారం, పిల్ల బరువును గూర్చి మాట్లాడే తల్లిదండ్రుల పిల్లలలో హానికరమైన పస్తులు ఎక్కువ; బరువు ఊసెత్తక మంచి తిండిని గూర్చి మాట్లాడేవారి పిల్లలలో తక్కువ. 2008లో ప్రకటించినదాని ప్రకారం, వారానికి ఐదుసార్లైనా ఇంటివారితో కలసి భోజనం చేసే బాలికలలో, ఐదేండ్ల తరువాత వాంతులు, మాత్రలు వంటి తీవ్రమైన పద్ధతులు తక్కువగా కనిపించినవి. మగపిల్లలలో ఈ తేడా కనిపించలేదు. కలసి కూర్చొనటంలో ఏదో ఉన్నది, అది ఆడపిల్లకే ఎక్కువగా అందుతున్నది. మన ఇండ్లలో కలసి కూర్చొనని ప్రాణి ఆమే.

ఆమె అందరితో సమంగా, ఒకే వేళకు, ఒకరు వడ్డించగా కూర్చొని తినే చోటు ఒక్కటే ఉన్నది. అది బడి. మన రాష్ట్రంలో 2003లో వండిపెట్టటం మొదలైన మధ్యాహ్న భోజనాన్ని మనం బియ్యం లెక్కలుగా, రిజిస్టరు బాధగా చూస్తున్నాం. నేనూ అట్లాగే చూశాను. ఆ బంతిలో ఎవరు తింటున్నారో, ఎవరు గుడ్డును డబ్బాలో దాచుతున్నారో చూడటానికి పెద్ద చదువు అక్కరలేదు, ఆ పది నిమిషాలు సిబ్బంది గదిలో కూర్చొనకుండా ఉంటే చాలు. వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను పిల్లలు చేతిలోకి తీసుకొని కిటికీలోనుండి విసరివేయటం అందరికీ తెలిసినదే. వేడి చేస్తుందని ఇంట్లో చెప్పి ఉంటారు. పిల్లలు కాకుండా పోతారని చెప్పినవారూ ఉన్నారు. అది అబద్ధమనీ, విరేచనం నల్లబడితే భయపడనక్కరలేదనీ తల్లికి ఒకసారి చెప్పవలసినది మనమే. అన్నం తిన్న తరువాత వేసుకోవాలి, చాయతో కలపరాదు, నిమ్మకాయ పిండిన కూరతో తింటే ఒంటికి బాగా పడుతుంది. ఫిబ్రవరిలోను ఆగస్టులోను ఇచ్చే నులిపురుగుల మాత్రను మన్ను తినే పిల్లకు తప్పించరాదు. తిండి మాని చిక్కిపోతున్న పిల్ల విషయం వేరు. ఆమెను డాక్టరుకు చూపవలసినదే. 2016లో మహబూబ్‌నగర్‌లోను, 2019లో నల్లగొండ, సూర్యాపేటలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి గనుక, హైదరాబాదు దాకా పోనిదే చూపించుకోలేమనే మాట ఇక చెల్లదు. దేశమంతటా 2022లో ప్రారంభమైన టెలీమానస్ అనే ఉచిత సహాయం 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే దొరుకుతుంది.

మా పిల్లను నేనూ, మా పాఠశాల సైన్సు ఉపాధ్యాయినీ కలసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోయాము. రక్తం చూచిన డాక్టరు, పాపం ఈ పిల్ల నడచి ఎట్లా వచ్చినదని అడిగినది. రోజూ వేసుకోవలసిన మాత్రలు ఇచ్చినది. తండ్రికి నేను మళ్లీ ఫోను చేశాను. ఈసారి పిల్ల చేసిన తప్పును గూర్చి కాక, ఆమె రక్తాన్ని గూర్చి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. "మందులకు పైసలు వంపాల్నా సారూ" అని అడిగాడు. అక్కరలేదు, బడి మాన్పించకుంటే చాలునన్నాను. సరేనన్నాడు. ఆ మాట పదవ తరగతి దాకా నిలబెట్టుకున్నాడు.

అవ్వతో మాట్లాడటం ఇంతకంటె కష్టమైనది. ఆమెను తప్పుపట్టటానికి నాకు నోరు రాలేదు; డెబ్బది యేండ్లుగా ఆమె కూడా కడబంతి మనిషే. పిల్ల తినేటప్పుడు పక్కన కూర్చొని, తిన్నావా తినలేదా అనకుండా వేరే ముచ్చట ఏదైనా చెప్పమన్నాను. కంచం ముందుగా పెట్టమన్నాను. ముచ్చట సంగతి ఆమెకు నచ్చినది. కంచం సంగతికి ఏమీ అనలేదు.

సంక్రాంతి తరువాత చాక్‌పీసుల పెట్టె నెలకు సరిపోసాగినది. మాఘమాసంలో ఒక సాయంత్రం వాళ్ల వాకిట్లోనుండి పోతూ ఆగాను. లోపల భోజనాలవేళ. మొదటి కంచం మనుమనిదే. రెండవది పెద్దపిల్లది, అందులో సగం గుడ్డు ఉన్నది. మూడవది చిన్నదానిది. అవ్వ గిన్నె పొయ్యి పక్కన ఖాళీగా ఉన్నది, కుండ అడుగు గీకుతున్నది.

"నీవెప్పుడు తింటవమ్మా" అన్నాను.

"నాదేముంది సారూ, ముసలిదాన్ని" అన్నది.